ఒక్క రోజు పందెం: దైవం, పురుషకారం

ప్రొఫెషనల్ రోడ్ సైక్లింగ్‌లో పందేలు ప్రధానంగా రెండు రకాలు. మొదటి రకం రోజుల తరబడి సాగుతుంది. రోజుకో దశ చొప్పున నడిచి, అన్ని రోజుల సమయమూ కలిపి చూసినప్పుడు ఎవరు తక్కువ సమయం తీసుకుంటే వారు గెలుస్తారు. మూడు వారాలు జరిగే టూర్ డి ఫ్రాన్స్ వీటిలో అందరికీ తెలిసినది. రెండో రకం పొద్దున మొదలై సాయంత్రానికి ముగుస్తుంది. చివరి గీతను ఎవరు ముందు దాటితే వారిదే గెలుపు. ఇక్కడ నిన్నటి సమయాన్ని కలుపుకోవడం ఉండదు, రేపటి దశలో లోటు పూడ్చుకునే వీలూ ఉండదు.

ఈ ఒక్క రోజు పందేల్లో అయిదింటికి ప్రత్యేక గౌరవం ఉంది. వాటిని ‘మాన్యుమెంట్లు’ అంటారు. బెల్జియంలోని లియేజ్–బాస్తోన్–లియేజ్ 1892లో మొదలైంది. ఉత్తర ఫ్రాన్స్‌లోని పారిస్–రూబే 1896లో, ఇటలీలోని లొంబార్దియా 1905లో, అదే దేశంలోని మిలాన్–సాన్ రేమో 1907లో, బెల్జియంలోని టూర్ ఆఫ్ ఫ్లాండర్స్ 1913లో మొదలయ్యాయి. దూరం సుమారు 240 నుంచి 300 కిలోమీటర్లు. రైడర్లు ఆరేడు గంటలు సైకిల్ దిగకుండా తొక్కుతారు.

ఎవరు ఎక్కువ సమర్థులో తేల్చడమే పందెం పని అయితే, మూడు వారాల పందెమే మెరుగైన కొలత. ఒక రోజు దురదృష్టం ఎదురైనా మిగతా రోజులు దాన్ని సర్దగలవు. ఒక్క రోజు పందెంలో ఆ సర్దుబాటు లేదు. పంక్చర్, జారిన చక్రం, ఎదురుగాలి, పక్కవాడి పొరపాటు, వీటిలో ఏదైనా ఏడాది సాధనను నిమిషంలో తుడిచేయగలదు. అయినా ఈ అయిదు పందేల్లో ఒక్కదాన్ని గెలిస్తే చాలు, ఆ రైడరు పేరు క్రీడ చరిత్రలో నిలిచిపోతుంది. చూసేవారికీ వీటి మీద ఉన్న మమకారం ప్రత్యేకమైనది. కొలతగా నమ్మకం తక్కువైన పందానికి ఇంత విలువ ఎక్కడినుంచి వచ్చింది?

ఈ ప్రశ్న సైకిల్ పందేల దగ్గర ఆగేది కాదు. యోగ్యతకూ ఫలానికీ ఉన్న సంబంధం ఏమిటి, ఫలితం పూర్తిగా తన చేతిలో లేనప్పుడు మనిషి ఏం చేయాలి అన్నవి మతాలూ తత్త్వశాస్త్రమూ చిరకాలంగా తర్కిస్తున్న విషయాలు. ఒక్క రోజు పందెం వాటికి జవాబు చెప్పదు. మనిషి చేతిలో ఉన్నదాన్నీ లేనిదాన్నీ ఒకే దారిమీద, ఒకే పూటలో ఎదురెదురుగా నిలబెట్టి చూపిస్తుంది. దాని ఆకర్షణకు మూలం అక్కడే ఉంది.

పుట్టుక

ఈ పందేలు పుట్టింది మతం నుంచి కాదు. పత్రికల అమ్మకాలు, పట్టణాల వ్యాపార ఆసక్తులు వీటికి ప్రాణం పోశాయి. రూబేలో తెయోదోర్ వియెన్, మోరిస్ పెరెజ్ అనే ఇద్దరు బట్టల మిల్లు యజమానులు తమ ఊళ్ళో సైక్లింగ్ స్టేడియం కట్టించి, దానికి పేరు తేవడానికి పారిస్ నుంచి పందెం పెట్టించారు. 1896 ఏప్రిల్ 19న జరిగిన ఆ మొదటి పందేన్ని జర్మనీకి చెందిన జోసెఫ్ ఫిషర్ గెలిచాడు. ఇటలీలో ‘లా గజెత్తా దెల్లో స్పోర్ట్’ పత్రిక, ఫ్లాండర్స్‌లో ‘స్పోర్ట్‌వేరెల్ద్’ పత్రిక ఇదే బాట పట్టాయి. స్పోర్ట్‌వేరెల్ద్ సంపాదకుడు కారెల్ వాన్ వైనెన్‌డాలె తన పందెం ద్వారా ఫ్లెమిష్ మాట్లాడే ప్రజల ఆత్మగౌరవాన్ని నిలబెట్టాలని కూడా కోరుకున్నాడు.

వ్యాపారం కోసం పుట్టినదానికి వ్యాపారాన్ని మించిన అర్థం చరిత్ర తెచ్చిపెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం ఉత్తర ఫ్రాన్స్‌ను నేలమట్టం చేసింది. పారిస్–రూబేను 1909, 1910, 1911లలో వరసగా గెలిచిన ఒక్తావ్ లపీజ్, 1913లో గెలిచిన ఫ్రాన్స్వా ఫాబెర్ ఆ యుద్ధంలోనే చనిపోయారు. 1919లో పందేన్ని మళ్ళీ మొదలుపెట్టే ముందు దారి ఎలా ఉందో చూడ్డానికి వెళ్ళిన నిర్వాహకులకూ విలేకరులకూ కందకాలు, ఫిరంగి గుంతలు, మొదలంటా విరిగిన చెట్లు కనిపించాయి. ఆ దృశ్యాన్ని వాళ్ళు నరకంతో పోల్చారు. ‘ఉత్తరాది నరకం’ అన్న పేరు పందానికి అలా వచ్చింది. పందెం కష్టాన్ని గొప్పగా చెప్పడానికి పెట్టిన పేరు కాదది; యుద్ధం చేసిన నాశనానికి పెట్టిన పేరు. ఆ నేల మీద పందెం మళ్ళీ జరగడమే ఆ ప్రాంతం మళ్ళీ ఊపిరి పీల్చుకుంటోందనడానికి గుర్తు అయింది.

కాలం: తిరిగివచ్చేదీ, తిరిగిరానిదీ

రొమేనియాలో పుట్టిన మత చరిత్రకారుడు మిర్చా ఎలియాడె 1957లో వెలువడిన ‘ది సేక్రెడ్ అండ్ ది ప్రొఫేన్’ గ్రంథంలో కాలాన్ని రెండుగా విడదీశాడు. మామూలు కాలం ముందుకే పోతుంది, గడిచింది మళ్ళీ రాదు. పవిత్ర కాలం పండుగల రూపంలో ఏటేటా తిరిగి వస్తుంది. పండుగ జరుపుకునేవారు ఆ మూల ఘట్టంలో మరోసారి పాలుపంచుకుంటారు.

ఒక్క రోజు పందేల్లో ఈ రెండు కాలాలూ కలుస్తాయి. మిలాన్–సాన్ రేమో మార్చిలో వస్తుంది. ఇటలీ అభిమానులు దాన్ని వసంతం పేరుతోనే పిలుస్తారు. ఫ్లాండర్స్, రూబే పందేలు ఏప్రిల్‌లో, ఈస్టర్‌కు అటూఇటూగా వస్తాయి. లొంబార్దియా ఆకురాలే కాలంలో సీజన్‌ను ముగిస్తుంది. ఋతుచక్రంలో వీటి చోటు సాధారణంగా మారదు కాబట్టి ప్రేక్షకులకు ఇవి ఏడాదిని కొలుచుకునే గుర్తులు.

పందెం మొదలైన క్షణం నుంచి మాత్రం కాలం తిరిగిరానిదే. ఈ ఏడు జారిపోయిన అవకాశాన్ని మళ్ళీ చూడాలంటే పన్నెండు నెలలు ఆగాలి. అప్పటికి ఒంట్లో ఆ సత్తువ ఉంటుందన్న భరోసా లేదు. ఇటలీ రైడరు సోనీ కొల్‌బ్రెల్లి, పందెం వాయిదా పడిన ఏడు, 2021 అక్టోబరు 3న, వానలో, బురదలో, జీవితంలో మొదటిసారి పారిస్–రూబేలో దిగి గెలిచాడు. ఆ తర్వాత ఆర్నెల్లు గడవకముందే, 2022 మార్చిలో స్పెయిన్‌లో ఒక పందెం చివర గుండె ఆగి కుప్పకూలాడు. ప్రాణం దక్కింది, పందేలు మాత్రం అక్కడితో సరి. రూబేలో అతనికి దక్కింది ఆ ఒక్క రోజే. ఇలాంటి జీవితాలు తెలిసినవారికి ‘ఒక్క రోజు’ అన్నది పందెం నిడివి మాత్రమే కాదు. మనిషికి దొరికే అవకాశాల స్వభావమే అది.

దారి

స్టేడియంలో జరిగే ఆటకు మైదానం మారినా ఆట మారదు. ఈ పందేలకు దారే ప్రాణం. పారిస్–రూబేలో సుమారు 260 కిలోమీటర్లకు గాను 55 కిలోమీటర్ల దాకా పాత రాతిబాటలే. పొలాల మధ్య బళ్ళు నడవడానికి ఎప్పుడో పరిచిన ఎగుడుదిగుడు రాళ్ళవి. ఎండలో దుమ్ము, వానలో జారుడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఊళ్ళు తమ దారులకు తారు వేసుకుంటూ పోవడంతో 1960ల నాటికి ఈ బాటలు అంతరించే దశకు వచ్చాయి. అప్పుడు నిర్వాహకులు పాత బాటల కోసం వెతికారు. గని కార్మికుడిగా పనిచేసి తర్వాత పెద్ద రైడరైన జాన్ స్టాబ్లిన్‌స్కీ వారికి ఆరెన్‌బర్గ్ అడవిలోని బాటను చూపించాడు. ఆ నేల కింది గనిలోనే అతను ఒకప్పుడు బొగ్గు తవ్వాడు. 1968 నుంచి ఆ బాట పందెంలో భాగమైంది. ఇప్పుడు స్వచ్ఛందంగా పనిచేసే ఒక అభిమానుల సంఘం ఈ రాళ్ళను సరిచేస్తూ, లేచిపోయినచోట మళ్ళీ పరుస్తూ కాపాడుతోంది. విజేతకు ఇచ్చే బహుమతి కూడా పీఠం మీద నిలబెట్టిన ఒక బాటరాయే.

లొంబార్దియా దారిలో, కోమో సరస్సు పైనున్న కొండ మీద మదోన్నా దెల్ గిజాల్లో అనే చిన్న చర్చి ఉంది. 1949 అక్టోబరు 13న పోప్ పన్నెండో పయస్ అక్కడి మరియ మాతను సైక్లిస్టుల రక్షకురాలిగా ప్రకటించాడు. చర్చి గోడల నిండా పెద్ద రైడర్ల సైకిళ్ళు, జెర్సీలు వేలాడుతుంటాయి. 1995 టూర్ డి ఫ్రాన్స్‌లో పడి చనిపోయిన ఫాబియో కసార్తెల్లి నడిపిన సైకిల్ కూడా వాటిలో ఉంది. గెలిచిన సైకిళ్ళ పక్కనే ప్రాణం కోల్పోయినవాడి సైకిల్‌ను ఉంచిన ఆ గోడ, ఫలం ఏదైనా ప్రయత్నం గౌరవించదగినదేనని చెబుతుంది. ఫ్లాండర్స్‌లోని హెరార్డ్స్‌బర్గెన్ పట్టణంలో ‘గోడ’ అని పిలిచే నిటారు రాతిబాట కూడా కొండ మీది ప్రార్థనామందిరం దగ్గరే ముగుస్తుంది. 2012లో ఆ కొండను పందెం దారి నుంచి తప్పించినప్పుడు అభిమానులు తీవ్రంగా నిరసించారు.

ఒక స్థలం పవిత్రం కావడానికి దేవుడి పేరు ఒక్కటే కారణం కాదు. అక్కడ ఇంతకుముందు ఎవరు ఏం చేశారన్న జ్ఞాపకం, ఆ జ్ఞాపకాన్ని తరాల తరబడి కాపాడాలన్న పట్టుదల కూడా దాన్ని పవిత్రం చేస్తాయి. రాళ్ళను కాపాడే సంఘానికి మతంతో పనిలేదు. అయినా ఆ పనిలో ఉన్నది భక్తే.

గాలి, గుంపు, పొత్తు

రోడ్డు పందేల్లో అసలు శత్రువు గాలి. సమతలం మీద వేగంగా తొక్కే రైడరు శ్రమలో అధిక భాగం గాలిని చీల్చడానికే పోతుంది. ముందున్న సైకిల్ వెనక చక్రాన్ని అంటిపెట్టుకుని వెళ్తే ఆ శ్రమలో దాదాపు మూడో వంతు మిగులుతుంది. పెద్ద గుంపు నడుమన ఇంకా ఎక్కువ. అందుకే అందరికంటే బలవంతుడు కూడా ఒంటరిగా గుంపును ఎక్కువసేపు ఎదిరించలేడు.

ఈ పందేల నీతి అంతా ఈ భౌతిక సూత్రం మీదే నిలిచింది. గుంపును విడిచి ముందుకు దూకిన నలుగురైదుగురు వేరువేరు జట్ల వాళ్ళే అయినా, వంతులవారీగా ముందుకొచ్చి గాలిని కాయాలి. ఎవరైనా వంతు ఎగ్గొడితే గుంపు వెనకనుంచి వచ్చి అందరినీ మింగేస్తుంది. వంతు కాసేవాడికేమో చివర్లో తన శ్రమతోనే ప్రత్యర్థి గెలుస్తాడన్న భయం ఉంటుంది. సహకరించకపోతే ఎవరికీ గెలుపు దక్కదు, సహకరిస్తే ఒక్కరికే దక్కుతుంది. స్వార్థానికీ పరార్థానికీ మధ్య గీత ఎక్కడ పడుతుందో ప్రతి కిలోమీటరు దగ్గరా తేల్చుకోవాల్సిందే. మూడు వారాల పందెంలో రేపటి లెక్క ఈ నిర్ణయాన్ని కొంత సులువు చేస్తుంది. ఒక్క రోజు పందెంలో ఇప్పుడు దాచుకున్న బలం రేపటికి పనికిరాదు, ఇప్పుడు చేసిన మేలుకు రేపు బదులు రాదు. అందుకే ఇక్కడి ప్రతి నిర్ణయమూ ఆ మనిషి స్వభావాన్ని బయటపెడుతుంది.

అయిదో కారణం

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ కర్మ నెరవేరాలన్నా అయిదు కారణాలు కావాలంటుంది: అధిష్ఠానం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, అయిదోది దైవం. అధిష్ఠానమంటే శరీరమనీ, కరణాలంటే ఇంద్రియాలనీ శంకరుల భాష్యం. ఇన్ని కారణాలు ఉండగా, కర్తను తానొక్కడినే అనుకునేవాడు సరిగా చూడలేనివాడని గీత హెచ్చరిస్తుంది.

ఈ వరుసను ఒక్క రోజు పందానికి అన్వయిస్తే విజయం ఎలా కూడుతుందో తేటపడుతుంది. ఏళ్ళ సాధనతో తయారైన దేహం మొదటిది. ఎప్పుడు దూకాలో, ఎప్పుడు ఆగాలో నిర్ణయించే మనిషి రెండోది. ఆ దేహం చేసే పనికి తోడయ్యే కన్ను, చెయ్యి, వాటికి పొడిగింపుగా సైకిల్ మూడోది. ఆరు గంటల పాటు వేసే ఎత్తులు, చేసే దాడులు, కాసే కాపలాలు నాలుగోది. ఇవన్నీ సమకూరినా ఇంకొకటి మిగిలి ఉంటుంది. ఏ రాయి ఏ టైరును కోస్తుందో, ముందువాడు ఏ మలుపులో పడతాడో ఎవరూ చెప్పలేరు.

2021 పారిస్–రూబేలో జాన్ని మోస్కోన్ నిమిషానికి పైగా ఆధిక్యంతో ఒంటరిగా ముందున్నాడు. సుమారు 30 కిలోమీటర్లు మిగిలి ఉండగా పంక్చర్ అయింది. సైకిల్ మార్చుకుని మళ్ళీ బయల్దేరాక బురద రాళ్ళ మీద జారిపడ్డాడు. నోటిదాకా వచ్చిన గెలుపు అతని దేశస్థుడే అయిన కొల్‌బ్రెల్లికి దక్కింది. కొల్‌బ్రెల్లి శ్రమ తక్కువదని ఎవరూ అనలేరు, మోస్కోన్ యోగ్యత తక్కువదనీ అనలేరు.

2016లో దీనికి రెండో వైపు కనిపించింది. ఆస్ట్రేలియాకు చెందిన మాథ్యూ హేమన్ 37 ఏళ్ళ వయసులో, కెరీర్‌లో ఎక్కువ భాగం ఇతరుల గెలుపు కోసం పనిచేసిన రైడరు. పందానికి సుమారు ఆరు వారాల ముందు బెల్జియంలో పడి చెయ్యి విరిగింది. ఇంటి గ్యారేజీలో కదలని ట్రైనరు మీద సైకిల్ బిగించుకుని, విరిగిన చేతికి ఊతమిచ్చుకుంటూ సాధన చేశాడు. ఏప్రిల్ 10న పందెం తొలి గంటల్లోనే ముందుకెళ్ళిన బృందంలో చేరాడు. చివర్లో రూబే స్టేడియంలో, అప్పటికే నాలుగుసార్లు గెలిచి అయిదో గెలుపుతో చరిత్ర తిరగరాయాలనుకున్న టామ్ బోనెన్‌ను స్ప్రింట్‌లో ఓడించాడు. ఆ సాధన లేకపోతే హేమన్ ఆ బృందంలో ఉండేవాడే కాదు. ముందు బృందంలో ఉన్నందుకే వెనక గుంపులో జరిగిన ప్రమాదాలు అతన్ని తాకలేదు.

మహాభారతం అనుశాసనిక పర్వంలో ధర్మరాజు భీష్ముణ్ణి సరిగ్గా ఇదే అడుగుతాడు: దైవం గొప్పదా, పురుషకారం (మనిషి ప్రయత్నం) గొప్పదా? జవాబుగా భీష్ముడు వశిష్ఠుడికి బ్రహ్మ చెప్పిన మాటలను వినిపిస్తాడు. అందులో పురుషకారం పొలం, దైవం విత్తనం. రెండూ కలిస్తేనే పంట. దున్నని నేలలో విత్తనం వృథా. ఒక్క రోజు పందేన్ని అర్థం చేసుకోవడానికి ఇంతకంటే సరైన చూపు దొరకదు. హేమన్ పొలాన్ని సిద్ధం చేసుకున్నాడు, ఆ రోజు విత్తనం పడింది. మోస్కోన్ కూడా అంతే శ్రద్ధగా దున్నాడు, విత్తనం పక్క చేలో పడింది. పొలం దున్నడం ఇద్దరిలోనూ మెచ్చదగినదే. పంట మాత్రం ఒక్కరిది.

పాశ్చాత్య తత్త్వశాస్త్రంలో ఈ చర్చ 1976లో కొత్త రూపం తీసుకుంది. బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ ఇద్దరూ ‘మోరల్ లక్’ అన్న సమస్యను లేవనెత్తారు. తన చేతిలో లేని విషయాలకు మనిషిని మెచ్చుకోకూడదు, నిందించకూడదు అని అందరూ ఒప్పుకుంటారు. ఆచరణలో మాత్రం ఫలితాన్ని చూసే మెచ్చుకుంటారు, ఫలితాన్ని చూసే నిందిస్తారు. ఈ వైరుధ్యాన్ని పూర్తిగా తీర్చడం సాధ్యం కాదని నేగెల్ భావించాడు. సైకిల్ పందేల చరిత్ర కూడా విజేతల పట్టికనే ముందు పెడుతుంది. కాని అభిమానుల జ్ఞాపకంలో ఆ పట్టిక ఒక్కటే ఉండదు. గెలవాల్సి ఉండి గెలవలేనివారి కథలను వాళ్ళు విజేతల కథలంత శ్రద్ధగా గుర్తుంచుకుంటారు. ఆ జ్ఞాపకమే ఫలానికీ యోగ్యతకూ మధ్య మిగిలిపోయిన తేడాను కొంతైనా పూరిస్తుంది.

న్యాయం చేయాలనుకున్నప్పుడు

దైవం చేసినదాన్ని నియమాలు సరిదిద్దగలవా? 1949 పారిస్–రూబేలో ఈ ప్రశ్న అధికారుల ముందుకే వచ్చింది. ముందున్న ముగ్గురు రైడర్లను స్టేడియం దగ్గర తప్పుదారిలోకి మళ్ళించారు. వారిలో ఆంద్రే మాయే మరో ద్వారం గుండా లోపలికి వచ్చి గీత దాటాడు. సరైన దారిలో వచ్చిన వెనక గుంపు స్ప్రింట్‌లో సెర్సె కోప్పి ముందు నిలిచాడు. నియమం ప్రకారం మాయే దారి తప్పాడు, అందులో అతని తప్పు లేదు. కోప్పి దారి తప్పలేదు, అయితే మాయే కంటే ముందు లేడు. నెలల తరబడి వాదోపవాదాలు సాగాక ఇద్దరినీ సమాన విజేతలుగా ప్రకటించారు.

ఆ తీర్పు ఎవరినీ పూర్తిగా తృప్తిపరచలేదు. ఒకరికి న్యాయం చేస్తే మరొకరికి అన్యాయం జరిగే స్థితిలో బహుమతిని పంచడం తప్ప మనుషుల చేతిలో మార్గం లేదని మాత్రం అది ఒప్పుకుంది. పోయిన క్షణాన్ని ఏ న్యాయస్థానమూ తిరిగి తేలేదు.

బాధ

ఈ పందేల ఆకర్షణలో బాధకు పెద్ద చోటు ఉంది. 1980 ఏప్రిల్‌లో లియేజ్–బాస్తోన్–లియేజ్ మంచు తుఫానులో జరిగింది. 174 మంది బయల్దేరితే 21 మందే పూర్తి చేశారు. బెర్నార్ ఇనో రెండో స్థానం కంటే తొమ్మిది నిమిషాలకు పైగా ముందు వచ్చి గెలిచాడు. ఆ చలికి దెబ్బతిన్న అతని వేళ్ళు మళ్ళీ పూర్తిగా బాగుపడలేదు. 2021 అక్టోబరు 2న జరిగిన మొట్టమొదటి మహిళల పారిస్–రూబేలో లిజ్జీ డెయ్‌నన్ 80 కిలోమీటర్లకు పైగా ఒంటరిగా తొక్కి గెలిచింది. రాళ్ళ కుదుపులకు అరచేతులు చిట్లి హ్యాండిల్ పట్టీ నెత్తురైంది.

ఈ పందేలు పెరిగిన ఫ్లాండర్స్, ఉత్తర ఫ్రాన్స్, లొంబార్దియా ప్రాంతాలు కాథలిక్ సంప్రదాయంలో ఉన్నవి. బాధను ఓర్పుతో భరించడం ఆత్మను శుద్ధి చేస్తుందన్న భావన అక్కడి జనంలో బలంగా ఉండేది. పొలాల్లో, గనుల్లో, మిల్లుల్లో ఒళ్ళు వంచి బతికే కుటుంబాల నుంచే చాలామంది రైడర్లు వచ్చారు. తమ రోజువారీ కష్టానికి ఒక గౌరవరూపం ఈ పందేల్లో ఆ ప్రజలకు కనిపించింది.

అయినా బాధ దానంతట అదే గొప్పదన్న మాటను జాగ్రత్తగా పరీక్షించాలి. గీత పదిహేడో అధ్యాయం తపస్సును మూడుగా విభజిస్తుంది. మూర్ఖపు పట్టుదలతో తనను తాను హింసించుకునేది తామసం. సత్కారం, గౌరవం కోసం చేసేది రాజసం. ఫలాపేక్ష లేకుండా శ్రద్ధతో చేసేది సాత్త్వికం. కీర్తికీ బహుమతికీ సాగే పందెం స్థూలంగా రాజసం కిందికే వస్తుంది. దాన్ని సాత్త్విక తపస్సుగా చిత్రించడం అతిశయోక్తి. తామసం అనడం కూడా సరికాదు. రైడరు బాధను కోరడు. చేరాలనుకున్న చోటికి వెళ్ళే దారిలో అది ఎదురైతే పక్కకు తప్పుకోడు. తత్త్వవేత్త బెర్నార్డ్ సూట్స్ 1978లో ‘ది గ్రాస్‌హాపర్’ పుస్తకంలో ఆట అంటే అవసరం లేని అడ్డంకులను ఇష్టపూర్వకంగా దాటే ప్రయత్నమని నిర్వచించాడు. ఆ ఇష్టమే ఇక్కడ కీలకం. రాతిబాట మీది నొప్పిని రైడరు ఎంచుకున్నాడు, 1914 నాటి కందకాల్లోని సైనికుడు ఎంచుకోలేదు. ‘నరకం’ అన్న ఒకే పేరు రెండింటినీ ఒకటి చేయదు.

ఫలం ఎవరిది

పెద్ద ఒక్క రోజు పందేల్లో ఇప్పుడు జట్టుకు ఏడుగురు దిగుతారు. గెలుపు నమోదయ్యేది ఒక్కరి పేరు మీదే. మిగతా ఆరుగురు అతని కోసం గాలిని కాస్తారు, నీళ్ళ సీసాలు తెస్తారు, ప్రత్యర్థుల దాడులను వెంటాడతారు, అతని చక్రం పాడైతే తమ చక్రం ఊడదీసి ఇస్తారు. వీరిలో చాలామంది పందెం కీలక దశకు చేరకముందే శక్తి అయిపోయి వెనకబడతారు. చివరి ఘట్టాన్ని కళ్ళారా చూడరు కూడా.

కర్మ మీదే అధికారం, ఫలం మీద లేదన్న గీతా బోధకు ఈ సహాయ రైడర్ల పని దగ్గరగా కనిపిస్తుంది. పోలికకు హద్దులున్నాయి: వారికి జీతం ఉంది, అది వారి వృత్తి. అయితే జీతం ఒక మనిషిని పనిలో నిలబెట్టగలదే గాని, 200 కిలోమీటర్ల తర్వాత మిగిలిన ఆఖరి బలాన్ని వేరొకరి కోసం ఖర్చుపెట్టించలేదు. అందుకు కావలసింది పని పట్ల నిష్ఠ. విజేత తన బహుమతి సొమ్మును సహచరులకు పంచే ఆనవాయితీ ఈ క్రీడలో పాతుకుపోయింది. ఒకరి పేరు మీద పడిన ఫలం ఒకరిది మాత్రమే కాదని ఆ ఆనవాయితీ ఒప్పుకుంటుంది. కర్త తానొక్కడే అనుకోవద్దన్న హెచ్చరికను ఆచరణలో పెట్టడమంటే ఇదే.

చూసేవారి స్థితి కూడా గమనించదగినది. దారి పొడవునా నిలబడి చూడటానికి చాలాచోట్ల టికెట్టు ఉండదు. గంటల తరబడి వాననకా ఎండనకా కాచుకున్నవారి ముందునుంచి గుంపు క్షణాల్లో దూసుకుపోతుంది. ఫ్రెంచ్ సమాజశాస్త్రవేత్త ఎమీల్ దుర్‌ఖైమ్ 1912లో మతం గురించి రాస్తూ, జనం ఒకచోట కూడినప్పుడు పుట్టే సామూహిక ఉత్సాహం మతానుభవానికి మూలమన్నాడు. దారిపక్కన కూడే జనంలో ఆ ఉత్సాహం నిజంగా ఉంది. వాళ్ళు ఆశించే ఫలమూ పెద్దగా ఏమీ లేదు. అక్కడ ఉండటమే వారికి కావలసింది.

ఆక్షేపణలు

ఈ పందేలకు తాత్త్విక గౌరవం ఇవ్వడం మీద మూడు గట్టి అభ్యంతరాలున్నాయి. మొదటిది, ఇదంతా వ్యాపారమన్నది. పుట్టుక వ్యాపారమేనన్నది నిజం. జట్ల పేర్లు నేటికీ ప్రకటనదారులవే. కాని ఒక పని ఎందుకు మొదలైందన్నదాన్ని బట్టి మాత్రమే దాని విలువ తేలదు. అందులో మనుషులు ఎలా ప్రవర్తిస్తారన్నది కూడా చూడాలి.

రెండోది మోసం. నిషిద్ధ మందుల చరిత్ర ఈ క్రీడను దశాబ్దాల పాటు పట్టి పీడించింది. మందులు వాడినవాడు ప్రత్యర్థులను మోసం చేయడంతో ఆగడు. తన చేతిలో ఉన్నదాని హద్దును చెరిపేస్తాడు. పురుషకారం అన్న మాటకే అర్థం లేకుండా చేస్తాడు. ఈ పందేలకు విలువ ఉందని నమ్మేవారే అందరికంటే గట్టిగా దాన్ని ఖండించాలి.

మూడోది ప్రమాదం. 2018 పారిస్–రూబేలో 23 ఏళ్ళ మీఖేల్ హూలార్ట్స్ పందెం మధ్యలో గుండె ఆగి చనిపోయాడు. అనూహ్యతలో అందం ఉందని చెప్పేటప్పుడు ఇలాంటి మరణాలను మరిచిపోవడం తప్పు. దైవాన్ని ఒప్పుకోవడమంటే నివారించదగిన హానిని తలరాత మీదికి నెట్టడం కాదు. 2024లో ఆరెన్‌బర్గ్ బాటకు ముందు రైడర్ల వేగం తగ్గించడానికి నిర్వాహకులు పదునైన మలుపులు పెట్టినప్పుడు ఇది పందెం స్వభావాన్ని మార్చేస్తుందని కొందరు వాదించారు. మనిషి చేతితో తగ్గించగలిగిన అపాయం దైవం కిందికి రాదు, అది పురుషకారం పరిధిలోనిదే. మహిళలకు పారిస్–రూబేలో చోటు దక్కడానికి 125 ఏళ్ళు పట్టడమూ అంతే. అది విధి కాదు, నిర్వాహకుల నిర్ణయం. మార్చదలచుకున్నప్పుడు మారింది.

ముగింపు

మూడు వారాల పందెం ఎవరు సమర్థులో మెరుగ్గా కొలుస్తుంది. ఒక్క రోజు పందెం కొలిచేది సంసిద్ధతను. ఎడ్డీ మెర్క్స్ ఈ అయిదు పందేల్లో మొత్తం 19 సార్లు గెలిచాడు. ఇరవయ్యో శతాబ్దంలో అయిదింటినీ గెలిచినవారు అతను, రిక్ వాన్ లోయ్, రోజర్ డె వ్లేమింక్ ముగ్గురే. ఇన్నిసార్లు గెలవడం అదృష్టం కాదు, ఏటా సిద్ధంగా ఉండటం. అంతటి మెర్క్స్ కూడా దిగిన ప్రతి పందేన్నీ గెలవలేదు. ఈ రెండు వాస్తవాలనూ కలిపి చూస్తే దైవమే అంతా అన్న వాదం నిలవదు, పురుషకారమే అంతా అన్న వాదమూ నిలవదు.

మనుషుల జీవితంలో చాలా ఘట్టాలు ఈ పందెం లాంటివే గాని మూడు వారాల పందెం లాంటివి కావు. పరీక్ష, శస్త్రచికిత్స, ప్రమాదంలో ఉన్నవారికి సాయపడాల్సిన క్షణం, నిజం చెప్పాల్సిన సందర్భం, ఇవి సగటు లెక్కలు కట్టుకునే వెసులుబాటు ఇవ్వవు. ఆ పూట వచ్చినప్పుడు మనిషి తాను చేయగలిగిందంతా చేసి ఉండాలి, చేతిలో లేనిది అడ్డం తిరిగితే తన ప్రయత్నం విలువ తగ్గిందని అనుకోకూడదు, కలిసివస్తే అదంతా తన గొప్పేనని కూడా అనుకోకూడదు. ఈ మూడూ ఒకేసారి నేర్పే చోట్లు తక్కువ. ఒక్క రోజు పందెం వాటిలో ఒకటి కాబట్టే దాన్ని ఆటగానే కాక ఆలోచనగా కూడా తీసుకోవాలి.